శబ్దరహిత మండలంలో సామచేను

ఆ పొద్దున ఆకాశం పెద్దగా పనేమీ పెట్టుకోలేదు. తెల్లవారుజామున నాలుగు చినుకులు రాల్చి, ఆ పాటి చాలన్నట్టు మబ్బుల్ని లోయలోకి దింపేసి, తాను నీలంగా, ఖాళీగా కూర్చుంది. పైన నీలం, కింద తెలుపు, నడుమ తుమ్మిగొంది కొండ. ఆ కొండ నడుం మీద కొర్రా గాసి సామచేను.

మూడెకరాల చేను. వెన్నులు బరువెక్కి తలలు వంచేశాయి. ఇంకో ఇరవై రోజులు కాపాడుకుంటే ఏడాది తిండి గాదెకెక్కుతుంది. కాపాడుకోలేకపోతే ఏమవుతుందో గాసి ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ అవసరం రాకుండా రోజూ పొద్దున్నే మంచె ఎక్కి కేక వేస్తాడు.

గాసి మాటలాడే మనిషి కాదు. పెళ్లయిన కొత్తలో అతను మూగవాడేమోనని అతని భార్య పుల్మోతి వాళ్లమ్మ వారం రోజులు బెంగ పెట్టుకుందట. ఆ మిగిల్చుకున్న గొంతంతా చిలకల మీదే వాడతాడు. మంచె వేసిన చోటు కూడా వాళ్ల నాన్న ఊరికే ఎంచలేదు. అక్కణ్ణించి కేక వేస్తే ఎదురు కొండ దాన్ని పట్టుకుని తిరిగి విసురుతుంది. ముందునుంచొకటి, వెనకనుంచొకటి కేక వచ్చేసరికి, చేలో వాలిన చిలకలకి ఎటు వెళ్లాలో తోచక గుంపంతా లేచిపోతుంది. మనిషి ఒకడే, కాపలా ఇద్దరిది.

"హో... హోయ్... హోఓఓ..."

ఎదురు కొండ కేకను తిరిగి ఇచ్చింది. దాంతోపాటు ఒక జీపును కూడా ఇచ్చింది.

జీపులోంచి రెండు చెవుల మీదా చేతులు పెట్టుకుని ఒకాయన దిగాడు. పర్వత విహార ప్రాధికార సంస్థ ప్రాంతీయ విహారాధికారి చక్రధర్ గారు. పోయిన వేసవిలో గాసి చేనుకు పక్కగా, ఏటి ఒడ్డున, ఆరు కొయ్య గదులు కట్టించింది ఆయనే. కొయ్య గదులంటే కొయ్యవి కావు. సిమెంటుతో దుంగలు పోతపోసి, వాటికి బెరడు రంగు వేయించారు. చుట్టూ నిజం చెట్లున్న చోట అబద్ధం చెట్లతో ఇల్లు కట్టడం చూసి గాసి ఒక దుంగను గోటితో గీకి చూశాడు.

"కేక వేసిందెవరు?"

గాసి చుట్టూ చూశాడు. కొండ మీద తనూ, వెళ్లిపోతున్న చిలకలూ తప్ప ఎవరూ లేరు. "నానే బాబూ."

"ఎందుకు వేశావు?"

"సిలకలు."

"చిలకలు వేయమన్నాయా?"

"పొమ్మని ఏసినాను."

చక్రధర్ గారు చెవుల మీంచి చేతులు తీసి, చంకలోంచి ఫైలు తీశారు. "చూడు గాసీ, ఈ రోజు నుంచి ఇది శబ్దరహిత మండలం. మౌనవనం పథకం. పట్నాల్లో జనానికి చప్పుడు ఎక్కువైపోయింది. అందుకని మనుషుల అలికిడి లేని కొండల్లో మూడు రోజులు నిశ్శబ్దంగా గడపడానికి వస్తారు. ఇక్కడ ముప్పై అయిదు డెసిబెల్సు దాటరాదు."

గాసి తల గోక్కున్నాడు.

"ముప్పై అయిదంటే, ఆకు రాలినంత అనుకో. పెద్ద ఆకు కాదు."

"మరి సిలకలో?"

"చిలకలు ప్రకృతి."

"మరి నానో?"

చక్రధర్ గారు ఫైలు తిరగేశారు. చాలాసేపు తిరగేశారు. "నువ్వు ప్రస్తుత వినియోగదారుడివి," అన్నారు చివరికి. "నీ పట్టాలో పద్నాలుగో షరతు చూసుకో. పరిసర అభివృద్ధికి ఆటంకం కలిగించరాదు. కలిగిస్తే పట్టా పునఃపరిశీలించబడును. కేక అనేది ఆటంకం. ఇంకో కేక వినబడిందంటే, ఆ చేను నీదో కాదో మళ్లీ మొదటినుంచి చూడాల్సొస్తుంది."

ఆ పట్టా కోసం గాసి పదకొండేళ్లు తిరిగాడు. పెట్టెలో అడుగున, పుల్మోతి పెళ్లిచీర మడతలో ఉంది.

అతను మంచె దిగాడు.

ఆ సాయంత్రమే మనుషులొచ్చి చేను గట్టు మీద ఇప్పచెట్టుకి ఒక పెట్టె బిగించారు. దానికి ఒక దీపం. చప్పుడు గీత దాటితే ఎర్రగా వెలుగుతుంది, లోపల కాగితం మీద గీత పడుతుంది. చక్రధర్ గారు దాన్ని శబ్దమాపక యంత్రం అన్నారు. పుల్మోతి చెవిపెట్టె అంది. తరువాత వారంలో ఆ పెట్టె వినని చప్పుడు లేదు.

మొదట పుల్మోతి రోకలి విన్నది. చోళ్లు దంచేటప్పుడు ఎర్రదీపం వెలిగింది. రోకలికి గుడ్డ చుట్టి దంచమని ఉత్తర్వు వచ్చింది. పుల్మోతి చుట్టింది. చోళ్లన్నీ గుడ్డకే అంటుకున్నాయి. "ఇంక గుడ్డనే ఉడకబెట్టి తిందాం," అంది. ఆ మాట కూడా కొంచెం గట్టిగానే అనడంతో మళ్లీ దీపం వెలిగింది.

తరువాత కుక్కను విన్నది. కుక్కను కిందూళ్లో ఉన్న గాసి బావమరిది ఇంటికి బదిలీ చేశారు. కోడిపుంజు విషయంలో మాత్రం శాఖ చర్య చాలా వేగంగా జరిగింది. తనిఖీకి వచ్చిన రోజు మధ్యాహ్నమే, చక్రధర్ గారి కంచంలో.

"మరి సేనెలా కాయమంటారు బాబూ?" అని గాసి అడిగాడు. వడిసెల కూడా వద్దన్నారు మరి. రాయి వదిలినప్పుడు తాడు చివర టప్పుమంటుందని.

చక్రధర్ గారు దానికీ ఏర్పాటు చేశారు. "దృశ్యమాన నివారణ," అన్నారు. అంటే జెండా ఊపడం. ఎర్ర జెండా అయితే కొండ సహజ సౌందర్యానికి భంగమని, ఆకులతో కలిసిపోయేలా పచ్చ జెండా మంజూరు చేశారు. గాసి దాన్ని పొడుగాటి వెదురుకి కట్టి, తెల్లారినప్పటినుంచి పొద్దుగూకేదాకా చేనంతా తిరుగుతూ ఊపాడు. మొదటి రోజు చిలకలు కాస్త దూరం జరిగాయి. రెండో రోజు జరగలేదు. మూడో రోజు రెండు చిలకలొచ్చి జెండా మీదే వాలాయి. అంత మంచి ఆకు ఆ కొండ మీద ఇంకెక్కడా లేదు.

వారం తిరిగేసరికి నోటీసు వచ్చింది. గాసి మూడో తరగతి దాకా చదివాడు. గుమ్మంలో కూర్చుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాడు.

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, తమ చేనిపై వాలు చిలకలు, సుమారు రెండు వందల పది, గత మంగళవారము ఉదయము సామూహికముగా ఎగురుచు అరవై ఎనిమిది డెసిబెల్సు శబ్దము కావించినవి. సదరు చిలకలు తమ పంటపై ఆధారపడి జీవించుచున్నందున తమ కుటుంబ సభ్యులుగా పరిగణించబడును. కుటుంబ సభ్యుల ప్రవర్తనకు కుటుంబ యజమానియే బాధ్యుడు."

"రెండొందల పది మందా!" అంది పుల్మోతి. "అయితే ఆల్ల పేర్లు రేసను కార్డులో ఎక్కించమను."

మర్నాడు గాసి నిజంగానే వెళ్లి ఆ మాటే అడిగాడు. చక్రధర్ గారు నవ్వలేదు. ఆయన దేనికీ నవ్వేవారు కాదు. "అది మా శాఖ పరిధిలోకి రాదు. నువ్వు మండలాఫీసుకి దరఖాస్తు పెట్టుకో," అన్నారు.

ఇంతలో అసలు గొడవ వచ్చి పడింది. విడిదికి నిశ్శబ్ద ధ్రువపత్రం రావాలంటే, అతిథులు ఉండగా డెబ్బై రెండు గంటలు ఏకబిగిన యంత్రం గీత దాటకూడదు. ఆ పత్రం వస్తే చక్రధర్ గారికి ప్రమోషన్. సరే, ముందుగా ఒకసారి చూద్దామని, మనుషులందర్నీ నోళ్లు మూసుకోమని యంత్రం పెట్టి చూశారు. యాభై రెండు చూపించింది.

"ఎవరది?" అన్నారు చక్రధర్ గారు గుసగుసగా.

అందరూ ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. గాసి వేలితో చూపించాడు. ఏరు. కొయ్య గదుల పక్కన రెండు నిలువుల ఎత్తునుంచి రాళ్ల మీద పడుతోంది. విడిది అక్కడ కట్టిందే ఆ ఏటి కోసం. కరపత్రం మీద బొమ్మ కూడా దానిదే.

దాని మీద రెండు సమావేశాలు జరిగాయి. ఏరు ఎవరి అధీనంలో ఉందో తేలలేదు గానీ, ఏరు నిబంధనలకు అతీతం కాదని తేలింది. కీచురాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. అవి చాలా ఉన్నందున విడివిడిగా నోటీసులివ్వడం కుదరదన్నారు. ఏరు ఒకటే కాబట్టి కుదిరింది. కొబ్బరిపీచు పరుపులు తెప్పించి నీళ్లు పడే రాళ్ల మీద పరిచారు. పైన ఇసక బస్తాలు పేర్చారు. ఏరు తడబడి, ఒక పూట బస్తాల మీద పాకి, చప్పుడు తగ్గించింది. ముప్పై మూడు! చక్రధర్ గారు చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నారు.

రెండో పూటకల్లా నీళ్లు బస్తాల వెనక ఒక నెర్రె చూసుకుని, కొండ అవతలి పక్కకి దిగిపోయాయి. ఇప్పుడు యంత్రం ఇరవై తొమ్మిది చూపించింది. అంతటి విజయం ఆ సంస్థ చరిత్రలో లేదు.

ఇక మిగిలింది చిలకలు. యంత్రంలోంచి తీసిన కాగితాన్ని చక్రధర్ గారు ఒక మధ్యాహ్నమంతా ముందు పెట్టుకుని చూశారు. చూసి చూసి, లేచి, గాసిని పిలిపించారు.

"గాసీ, ఈ గీతలు చూడు. పైకి లేచిందల్లా చిలకలు ఎగిరినప్పుడు. ఇదిగో ఇక్కడ, రెండు గంటలపాటు గీత నేల మీద పడుకుంది. అప్పుడవి ఏం చేస్తున్నాయి?"

"తింతన్నాయి."

"అదీ! తింటున్న చిలక మాట్లాడదు. దానికి తీరిక ఉండదు. అంచేత, శుక్రవారం ఉదయం ఆరు నుంచి సోమవారం ఉదయం ఆరు దాకా చిలకల భోజనానికి ఎవరూ అంతరాయం కలిగించరాదు. జెండా కూడా ఊపరాదు. నువ్వు చేలోకే దిగరాదు."

గాసి మూడు రోజుల్లో రెండు వందల పది చిలకలు ఎంత తింటాయో లెక్క వేసుకున్నాడు. గుంపును లేపకపోతే ఇంకో గుంపొచ్చి చేరుతుంది. సోమవారానికి సగం చేను గడ్డే మిగులుతుంది.

"కోసుకోనీండి బాబూ. పచ్చిదైనా కోసేసుకుంతాం."

"కొడవలి చప్పుడుకి చిలకలు లేవవూ?" అన్నారు చక్రధర్ గారు. ఆ ప్రశ్నలో కోపం లేదు. నిజంగానే అడిగారు.

ఆ గురువారం అంతా, గడువు మొదలవకముందే, గాసీ పుల్మోతీ పై మడిలో పండిన వరకు కోసి తెచ్చుకున్నారు. నాలుగు మోపులు. కాళ్లతో తొక్కి, చేటతో చెరిగితే రెండు కుంచాల సామలు వచ్చాయి. మిగతా చేనంతా అలా నిలబడి ఉంది.

శుక్రవారం ఉదయం అతిథులు వచ్చారు. ఆరుగురు. జీపు చప్పుడు పనికిరాదని నాలుగు మైళ్ల కిందే దింపేశారు. చెప్పులు విప్పి, గుడ్డ మేజోళ్లు తొడుక్కుని ఎక్కారు. వాళ్లలో విశాఖపట్నంనుంచి వచ్చిన గోవిందరాజులు గారూ, ఆయన భార్య వసుంధర గారూ ఉన్నారు. గోవిందరాజులు గారు బీమా సంస్థలో ముప్పై ఆరేళ్లు చేసి రిటైరైన మనిషి. మాట్లాడకుండా ఆయన ముప్పై ఆరు నిమిషాలు కూడా ఉన్న దాఖలా లేదు. ఈ విడిదికి డబ్బు కట్టింది వసుంధర గారు. మూడు రోజుల నిశ్శబ్దానికి ఆమె ఇంకా ఎక్కువైనా కట్టి ఉండేది.

గేటు దగ్గర తనిఖీ జరిగింది. కరకరలాడే పదార్థాలు నిషిద్ధం. గోవిందరాజులు గారి సంచీలోంచి రెండు డబ్బాల చేగోడీలు స్వాధీనం చేసుకుని కింద జీపు దగ్గరికి పంపేశారు.

"అవి నెమ్మదిగా నములుతానండీ," అన్నారాయన.

"పరీక్షించాం సార్. ఒక్క చేగోడీ నలభై నాలుగు," అన్నారు చక్రధర్ గారు గుసగుసగా.

మెత్తటి ఇడ్లీలు, పెరుగన్నం, అరటిపళ్లు అనుమతించబడిన భోజనం. మాట్లాడుకోవడానికి మొదట పలకలు ఇచ్చారు. బలపం కీచుమనడంతో అవి లాక్కుని, నోటు పుస్తకాలూ పెన్సిళ్లూ ఇచ్చారు. సాయంత్రానికల్లా గోవిందరాజులు గారు రెండు వందల పేజీల పుస్తకం నింపేసి, అట్ట మీద రాయడం మొదలుపెట్టారు. వసుంధర గారు ఒక్క పేజీ కూడా చదవలేదు. సిమెంటు దుంగకి ఆనుకుని, కళ్లు మూసుకుని, ఎండలో హాయిగా కూర్చుంది.

గాసి తన గుమ్మంలో కూర్చున్నాడు. అక్కణ్ణించి చేను కనిపిస్తుంది. చిలకలు వచ్చాయి. వాలాయి. ఎవరూ ఏమీ అనకపోవడంతో మొదట కాస్త అనుమానపడ్డాయి. తరువాత తినడం మొదలుపెట్టాయి. నిజమే, చప్పుడు లేదు. రెండు వందల పది ముక్కులు వెన్నులు దూస్తుంటే చిన్న చినుకు పడుతున్నట్టు చిటచిట మాత్రం వినిపిస్తోంది. పుల్మోతి ఇంట్లోకి వెళ్లి తలుపుకేసి వీపు తిప్పి కూర్చుంది.

శనివారం ఉదయం రెండో విడత భోజనం రావాలి. ఏర్పాటు పకడ్బందీగా చేశారు. వ్యాను కొండ కిందికొచ్చి హారను కొడుతుంది. ఆ హారను విని నలుగురు మోతగాళ్లు దిగి, సామాను మోసుకొస్తారు. ఈ ఏర్పాటు అయ్యాక హారన్ల మీద నిషేధం వచ్చింది. ఏర్పాటు ఒక ఫైలులో ఉంది, నిషేధం ఇంకో ఫైలులో ఉంది. వ్యాను డ్రైవరు కొండ కింద మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. ఎవరూ దిగి రాలేదు. మోతగాళ్లు కొండ మీద మధ్యాహ్నం దాకా చెవులు రిక్కించి కూర్చున్నారు. ఏమీ వినబడలేదు. డ్రైవరు వెనక్కి పోయాడు. మోతగాళ్లు, బహుశా ఇవాళ సెలవేమో అనుకుని, ఇళ్లకు పోయారు.

ఆ పూట అతిథులు అరటిపళ్లతో సరిపెట్టుకున్నారు. సాయంత్రానికి తాగడానికి నీళ్లు కూడా అయిపోయాయి. ఏరు కరపత్రంలో మాత్రమే ఉంది. ఒక్కొక్కరే బిందెలూ సీసాలూ పట్టుకుని గాసి చేను కింద ఊట దగ్గరికి వచ్చారు. వాళ్ల ముఖాలు చూసి పుల్మోతి, ఇంట్లో మిగిలిన కాసిని చోళ్లూ అంబలి కాచి అందరికీ ముంతడు చొప్పున పోసింది. ఇక ఇంట్లో పాత గింజ లేదు.

ఆదివారం మధ్యాహ్నానికి యాభై నాలుగు గంటలు పూర్తయ్యాయి. చేను మూడో వంతు పోయింది. కొత్త గుంపులు రెండు వచ్చి కలిశాయి. ఆ వేళకి ఆరుగురు అతిథులూ, వాళ్ల వెనక చక్రధర్ గారూ, గుడ్డ మేజోళ్లతో వరసగా నడుచుకుంటూ గాసి గుమ్మంలోకి వచ్చారు. చక్రధర్ గారు కూడా ముందురోజు మధ్యాహ్నంనుంచి ఏమీ తినలేదు. కిందికి వెళ్లి తెప్పించవచ్చు గానీ, యంత్రాన్ని వదిలి వెళ్లడానికి ఆయనకు మనసొప్పలేదు.

పొయ్యి మీద కుండలో సామలన్నం ఉడుకుతోంది. కొత్త గింజ వాసన వేరు. అది గుమ్మం దాటి, ఇప్పచెట్టు దాకా వెళ్లింది. గోవిందరాజులు గారు కాగితం మీద ఏదో రాసి గాసికి చూపించారు. దానిలో ఒక్కటే మాట. "అన్నం?"

"ఉంది బాబూ. కూకోండి," అన్నాడు గాసి, యంత్రానికి వినబడనంతగా.

పుల్మోతి అడ్డాకులు పరిచింది. అందరూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పుల్మోతి కుండ దించింది. కానీ గరిటె ముట్టుకోలేదు. భర్త వైపు చూసింది.

చక్రధర్ గారు గుసగుసగా అడిగారు. "ఏమిటి ఆలస్యం?"

"ఇది కొత్త గింజ బాబూ," అన్నాడు గాసి. అతను ఆ రోజు మాట్లాడినంత అంతకు ముందు ఎప్పుడూ మాట్లాడి ఉండడు. "సామ కొత్త. కొండకి సెప్పకుండా తింటే మాకు కూడదు. కొత్త తింతన్నాం, రండో అని కేకెయ్యాల. ఎదురు కొండ పలకాల. అప్పుడు నోట్లో ఎట్టుకోవాల."

అందరూ ఆకుల మీంచి తలలెత్తారు.

"రాసి పెడితే?" అన్నారు చక్రధర్ గారు. "ఒక కాగితం మీద తెలియజేయడమైనదని రాసి, ఆ కొండ వైపు..."

"కొండకి సదువు రాదు బాబూ."

చక్రధర్ గారు కళ్లు మూసుకున్నారు. కళ్లు మూసుకుంటే వాసన ఇంకా ఎక్కువగా వచ్చింది. "సరే, కేక ఎవరు వేయాలి? నువ్వయితే పద్నాలుగో షరతు అడ్డు వస్తుంది."

"నాను కాదు బాబూ. కూకున్నోల్లలో పెద్ద ఎయ్యాల."

"అరవై ఏడు నాకు!" అని గోవిందరాజులు గారు లేచి నిలబడ్డారు. రెండున్నర రోజుల తరువాత ఆయన నోట వచ్చిన మొదటి మాట. వసుంధర గారు చొక్కా పట్టుకుని లాగితే కూర్చున్నారు.

"వయసులో పెద్ద కాదు బాబూ," అన్నాడు గాసి నేల చూస్తూ. "ఈ కొండ మీద ఎవరి మాట సెల్లుతాదో ఆల్లు."

ఆరుగురు అతిథులూ చక్రధర్ గారి వైపు తిరిగారు. ఆయన మాట ఆ కొండ మీద చెల్లుతుందన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. ఏటికే చెల్లింది. ఆయనకూ సందేహం లేదు. తన మాట చెల్లదని ఒప్పుకుంటే తప్ప, తప్పించుకునే దారి కూడా లేదు.

ఆయన ఫైలు తీశారు. నిబంధనలు ఒకసారి మొదటినుంచి చివరిదాకా చదువుకున్నారు. "నివాసులు, అతిథులు, పశుపక్ష్యాదులు, జలప్రవాహాలు..." అని గొణిగారు. "అధికారుల ప్రస్తావన లేదు. నిజమే. అధికారి చేసేది శబ్దం కిందికి రాదు. ఆదేశం కిందికి వస్తుంది." ఆ మాట చెప్పాక ఆయన ముఖం కాస్త తేటపడింది.

లేచి, గుమ్మం దిగి, చేను వైపు తిరిగి నిలబడ్డారు. గొంతు సవరించుకున్నారు. "కొత్త తింటున్నాం, రండి," అన్నారు.

అందరూ చెవులు పెట్టారు. గాసి తల అడ్డంగా ఊపాడు. "కొండ పలకలేదు బాబూ."

ఆయన ఈసారి సమావేశాల్లో వాడే గొంతు తీశారు. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, కొత్త తినబోవుచున్నాము. ఎల్లరూ రావలసినది."

"పలకలేదు బాబూ."

వెనక కుండలోంచి ఆవిరి లేస్తోంది. గోవిందరాజులు గారు గట్టిగా నిట్టూర్చారు. చక్రధర్ గారు ఆకాశం వైపు చూశారు, ఫైలు వైపు చూశారు, ఫైలు కింద పెట్టారు. నడుముకి రెండు చేతులూ ఆనించారు. ముప్పై ఏళ్లుగా పై అధికారుల ముందు మింగిన గొంతంతా ఒక్కసారిగా పైకి వచ్చినట్టు వచ్చింది.

"కొత్త తింటన్నాం! రండో... హోఓఓయ్!"

ఎదురు కొండ పలికింది. ఒకసారి కాదు, రెండుసార్లు పలికింది. చేను నడిమినుంచి పచ్చగా ఒక దుప్పటి లేచినట్టు చిలకలు లేచాయి. గుంపు తరువాత గుంపు. అవి లేవడం చూసి గోవిందరాజులు గారు ఇక ఆగలేకపోయారు. "హో! హోయ్! పొండి, పొండి! మూడు రోజులు! మూడు రోజులు నోరు కట్టేసుకుని కూచున్నాను!" అంటూ గట్టు మీదికి పరిగెత్తారు. ఆ వెనక మిగతా అతిథులు. చివరికి వసుంధర గారు కూడా ఒక కేక వేసింది. వేశాక తనకే ఆశ్చర్యమేసి, ఇంకొకటి వేసింది. పుల్మోతి చేట తీసుకుని గరిటెతో దబదబా బాదింది. చిలకలు లోయ మీదుగా, మబ్బుల మీదుగా, అవతలి కొండ దాటిపోయేదాకా ఎవరూ ఆపలేదు.

గాసి ఒక్కడే నోరు విప్పలేదు. గుమ్మంలో నిలబడి, మిగిలిన చేను చూసుకున్నాడు. రెండు వంతులుంది.

ఇప్పచెట్టు మీద దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంది. అందరూ ఆయాసపడుతూ తిరిగి వచ్చాక చక్రధర్ గారు దాన్ని చూశారు. మెల్లగా కూర్చున్నారు.

"ఏమవుతుందండీ ఇప్పుడు?" అంది వసుంధర గారు. మామూలు గొంతుతోనే అడిగింది.

"డెబ్బై రెండు గంటలూ మళ్లీ మొదటినుంచి," అన్నారాయన. "ముందు కారణం తేల్చడానికి కమిటీ వేయాలి. కారణం నేనే కాబట్టి కమిటీలో నేనుండకూడదు. నేను లేకుండా కమిటీ వేసే అధికారం ఇక్కడ ఇంకెవరికీ లేదు. పై ఆఫీసుకి రాయాలి. నలభై అయిదు రోజులు పడుతుంది. అందాకా ఇది శబ్దరహిత మండలం కాదు." కాసేపు ఆలోచించారు. "మామూలు కొండ."

"పది దినాలు సాలు బాబూ," అన్నాడు గాసి.

పుల్మోతి కుండ మూత తీస్తూ భర్త దగ్గరగా వంగింది. "అయ్యా, పెళ్లయినకాడినుంచి ప్రెతేడూ కొత్త కేక నువ్వేగా ఏస్తావు. పెద్ద ఎయ్యాలని ఎప్పుడున్నాది?" అని చెవిలో అడిగింది.

"వొడ్డించు," అన్నాడు గాసి.

ఆమె వడ్డించింది. వేడి సామలన్నం, గుమ్మడికాయ పులుసు, రోట్లో నూరిన ఎండుమిరపకాయల పచ్చడి. తొమ్మిదిమంది తొమ్మిది ఆకుల ముందు వంగారు. మొదటి ముద్దకి చక్రధర్ గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. కారానికో, మరి దేనికో ఎవరూ అడగలేదు. గోవిందరాజులు గారు రెండోసారి పెట్టించుకున్నారు, మూడోసారి పెట్టించుకున్నారు, ఒక్క మాట కూడా అనలేదు. వసుంధర గారు మధ్యలో ఒకసారి ఆయన వైపు చూసి, తన ఆకులో పచ్చడి సగం తీసి ఆయన ఆకులో వేసింది. ఆకు మీద వేళ్లు తిరిగే చప్పుడు తప్ప ఆ గుమ్మంలో ఏమీ లేదు. చక్రధర్ గారు తన ఆకు కొంచెం ముందుకు జరిపారు. గాసి కుండ వంచి, అడుగున ఉన్నదంతా ఆయనకి వేశాడు.